మెట్టకూరు పెట్టె మీది చీటీ

పొద్దున్నే ఫోన్ తెరిస్తే, నేనడక్కుండానే ఏళ్ళ కిందటి ఫోటో ఒకటి తీసి చూపించింది: నల్ల పెట్టె, దాని మీద తెల్ల చీటీ, చీటీ మీద నంబరు. మన వయసువాళ్ళకి ఫోటో ఉంటే చాలు, ఇంక ఎవర్నీ ఏమీ అడగం.

చదువవగానే హైదరాబాదు నుంచి యానాం వచ్చి, ఫరంపేటలో మావయ్య నడిపే కేబుల్ టీవీ కంట్రోల్ రూమ్‌లో చేరాను. ఒక్కో ఊరికీ ఛానెళ్ళు పంపే ఆ నల్ల పెట్టెలకి సొంతంగా ఏదీ గుర్తుండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ సర్వర్‌కి తమ నంబరు చెప్పి, ఆ నంబరు మీదున్న ఫైలు తెచ్చుకుని, అందులో ఉన్నట్టే ఛానెళ్ళు ఇస్తాయి. ఆ ఫైళ్ళు రాయడం నా పని. మెట్టకూరుకి వెళ్ళే పెట్టె ఒక్కటే నా మాట వినేది కాదు. సాయంత్రం ఫైలు రాసి, నడుస్తున్న పెట్టెలోనూ అన్నీ సరిచేసి వెళ్తే, తెల్లారేసరికి మళ్ళీ తారుమారు.

"ఇంకోసారి మెట్టకూరోళ్ళు ఫోన్ చేశారంటే నువ్వు బస్సెక్కెయ్యడమే అమ్మాయ్," అన్నాడు మావయ్య.

పొద్దున్నే తాళం తీసేది పాత ఆపరేటరు. దరియాలతిప్ప నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, బాబాయ్ అని పిలిచేదాన్ని. నేనొచ్చి కూర్చున్నది ఆయన కుర్చీలోనే కాబట్టి, నన్ను చూసి ఆయన మాట ఆపినా, కీబోర్డు మీద తడి వేలిముద్ర కనిపించినా నాకు అనుమానమే. ఒకరోజు పాత ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, పెట్టెలుండే రాక్ వెనక దాచాను. దొరికాడు! ఒక్కో పెట్టే ఆపుతున్నాడు, తువ్వాలుతో తుడుస్తున్నాడు, మళ్ళీ ఆన్ చేస్తున్నాడు.

మావయ్య ముందే బాబాయ్ మీద అరిచేశాను.

"ఉప్పుగాలండి, తుడవకపోతే తుప్పట్టేత్తాయండి. ఫైళ్ళూ గట్రా నాకేం తెల్సండి అమ్మాయిగారూ?"

"అన్నీ తుడిస్తే మెట్టకూరుదొక్కటే ఎందుకు పాడవుతోంది బాబాయ్?"

ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు. ఛానెళ్ళు కూడా కదల్లేదు. చూశారా అని రెండ్రోజులు గర్వంగా తిరిగాను.

మూడోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇన్వర్టరూ ఆగిపోయింది. కరెంటు రాగానే మెట్టకూరు మళ్ళీ తారుమారు. గదిలో ఉన్నది నేనొక్కదాన్నే.

పెట్టె ఊడదీసి తిరగేస్తే, అడుగున కంపెనీవాళ్ళు చెక్కిన నంబరు వేరే ఉంది. చీటీ మీదున్నది వేరే. ఫోటో తీసి నేను ఫైలుకి ఎక్కించింది చీటీ నంబరు. పెట్టె అడిగేది తన అసలు నంబరు మీదున్న ఫైలు. అది లేక, ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ అందరికీ కలిపి పెట్టిన ఫైలు తెచ్చుకునేది.

"పాతది కాలిపోతే మీ బాబాయే దాని చీటీ పీకి దీనికంటించాడు. మెట్టకూరు పెట్టె ఇదేనని తెలియాలి కదా మరి," అన్నాడు మావయ్య.

స్కూటీ మీద దరియాలతిప్ప వెళ్ళాను. ఆయన కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు.

"ఆయ్, అడిగుంటే చెప్పేవోణ్ణి కదండీ, ఆ చీటీ నేనే అంటించానని," అన్నాడు. అంతే. పనిలోకి మాత్రం మళ్ళీ రాలేదు.

ఇప్పుడా గదిలో కెమెరాలున్నాయి, తలుపు కదిలితే నా ఫోన్ మోగుతుంది. ఫైళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి, పెట్టెల అంచులు మాత్రం తుప్పు పట్టాయి. పొద్దున్న ఆరింటికి ఒక్కోసారి ఊరికే ఫోన్ తీసి చూస్తాను. తలుపు కదలదు.