షావలి డిస్కులు

మైపాడులో సినిమా డిస్కులు అద్దెకిచ్చే తన కొట్టు మూసి పదేళ్లయినా, ఎవరి టీవీలో నెట్టు సినిమా ఆగి చక్రం తిరిగినా షావలి మీసం దువ్వుతాడు. "డిస్కు తిరిగితే బొమ్మ కదిలేది. ఇదేందబ్బా, చక్రం తిరిగితే బొమ్మ నిలబడతాది!"

మొన్న గాలివానకు పోయిన నెట్టు, ఎండ కాసినా రాలేదు. పక్కింటి ప్రమీలమ్మ వచ్చింది. "అటక మీది ప్లేయరు దించినాం. ఒక సినిమా డిస్కియ్యన్నా."

పదేళ్లుగా ఆ మాట కోసమే కాచుకున్న షావలి పాత డిస్కుల పెట్టె తీసి ఒక కవరు విప్పాడు. ఖాళీ. ఇంకోటీ ఖాళీయే. పెరట్లోకి చూస్తే, భార్య జైతూన్‌బీ ఎండబెట్టిన చేపల పైన, తాళ్లకు కట్టిన డిస్కులన్నీ తళతళ మెరుస్తున్నాయి. ఒక్క కాకీ వాలడం లేదు.

ఒకటి విప్పి, నోటి ఆవిరి పట్టించి, లుంగీ అంచుతో తుడిచి, "రేపు పొద్దునకల్లా తెచ్చియ్యాల" అని పాత షరతు చెప్పాడు షావలి.

"తెల్లారకముందే తెచ్చియ్యక్కా," అంది జైతూన్‌బీ, "కాకులొస్తాయి."