సన్యాసి పీతలూ, మా మరచెంబూ

మా ముత్తాతగారు పదకొండు గ్రామాలకు మొఖాసాదారు. మా తాతగారు మునసబుగా ఉన్న ముప్ఫయ్యేళ్ళూ, ఆయన వచ్చి అరుగు మీద కూర్చునేదాకా ఊళ్ళో ఏ తగువూ మొదలయ్యేది కాదు. మా నాన్నగారి పెళ్ళికి గోదావరి అవతలి ఒడ్డు నుంచి రెండు లాంచీలు మాట్లాడారని చెప్పుకునే ముసలివాళ్ళు ఇప్పటికీ ఒకరిద్దరున్నారు. గొప్పకు చెప్పడం లేదు. కిందటి నెల కాకినాడలో మా మేనకోడలి గృహప్రవేశం జరిగింది. హాలు మధ్యలో ఉప్పునీటి అద్దాల తొట్టె ఒకటి పెట్టుకున్నారు. దాని పక్కన నిలబడి ఆమె భర్త నన్ను ఎవరో బిల్డరుకు "మా మావయ్యగారండి, కాలేజీలో చేపలు పెంచేవారు" అని పరిచయం చేశాడు. అందుకని చెబుతున్నాను.

నేను చేపలు పెంచలేదు. నా జన్మలో ఒక్క చేపను కూడా పెంచలేదు. ఆ బిల్డరు నాకు ఆ తొట్టె గురించి పావుగంట బోధ చేశాడు. ఉప్పు ప్యాకెట్లలో వస్తుందట, నెలకోసారి మనిషి వచ్చి చూసి పోతాడట, ఇంట్లోవాళ్ళు చేయవలసింది ఏమీ లేదట. నేను తలాడించి, భోజనం చేయకుండా వచ్చేశాను. మా చెల్లెలు ఇప్పటికీ ఫోను చేసి దెప్పుతూనే ఉంది. నా కోపం ఆమె అల్లుడి మీద కాదని చెప్పడం నావల్ల కాలేదు. నా వయసువాళ్ళు మీరు, మీకు చెప్పుకోగలను.

రొయ్యల మీద మన వైపు జనానికి వెర్రెక్కిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నాన్నగారు మొదట ససేమిరా అన్నారు. కానీ చుట్టూ ఉన్న చేలన్నీ చెరువులైపోయి, వాటి ఉప్పు మా మడుల్లోకి ఊరి, వరి మొదళ్ళలోనే ఎర్రబడిపోతుంటే ఆయన మాత్రం ఎన్నాళ్ళు పట్టుకుని కూర్చుంటారు? లీజుకిచ్చారు. తెల్లమచ్చ తెగులొచ్చి వరసగా రెండు పంటలు పోయాయి. లీజుదారులు తమ మోటార్లు విప్పుకుని, చచ్చిన రొయ్యలను గట్ల మీద గుట్టలుగా వదిలేసి పోయారు. వాళ్ళు మాకు మిగిల్చింది చవిటి నేల, ఆ కంపు. నాన్నగారు రాగి సామాను ఒక ట్రాక్టరులో వేయించుకుని కాకినాడలో నా అద్దె వాటాలోకి వచ్చేశారు. వచ్చాక పేపరు చదవడం కూడా మానేశారు. దేని గురించీ అడిగేవారు కాదు.

అప్పటికి నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్ని, అదీ టెంపరరీగా. కాలేజీ నడిపే కరస్పాండెంటు తండ్రి ఒకప్పుడు మా కౌలుదారు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. కొత్తగా ఆక్వాకల్చర్ కోర్సు పెట్టాలని ఆయన పట్టుదల. మూడు నెలల్లో యూనివర్సిటీ కమిటీ వస్తుంది, వాళ్ళకు బతికున్న సముద్రజీవాలను చూపించాలి, పెద్ద తొట్టె కట్టించి రంగు చేపలు తెప్పిద్దామన్నాడు. నేను స్టాఫ్‌రూములో అందరి ముందూ లేచి, రంగు చేపలు హోటళ్ళలో పెట్టుకోవడానికి బాగుంటాయి గానీ, ఉప్పాడ సముద్రపు నీళ్ళతో రెండడుగుల తొట్టెలో వెన్నెముక లేని జీవాలను బతికించి చూపిస్తాను, ఖర్చూ లేదు, రోజూ చాకిరీ లేదు అన్నాను. ఆయన నవ్వాడు.

"మీ తాతగారి ముందు వెన్ను వంచుకుని నిలబడేవాళ్ళం మేము మాస్టారూ. ఇప్పుడు మీకు అసలు వెన్నే లేనివి కావలసొచ్చాయి. కానివ్వండి. కమిటీ వచ్చేటప్పటికి అవి బతికుంటే మీ పోస్టు పర్మనెంటు చేస్తాను. లేదంటే కోర్సూ లేదు, ఈ మాటా లేదు."

స్టాఫ్‌రూమంతా నవ్వింది. నేను నవ్వలేదు.

అక్వేరియం అంటే రోజూ కడిగి నీళ్ళు మార్చేది అనుకుంటారు చాలామంది. అది తెలియనితనం. ఎంత తక్కువ కదిలిస్తే అది అంత బాగా నిలబడుతుంది. ఉప్పాడ బస్సెక్కి వెళ్ళి, ఒడ్డు నీళ్ళు బురదగా ఉంటాయని వేటకు వెళ్ళే పడవవారిని లోపలి నీళ్ళు అడిగాను. బతిమాలడం నాకు చేతకాదు, అడిగాను, తెచ్చిపెట్టారు. తొట్టె అడుగున చిల్లుల పలక వేసి, దాని మీద ఇసుకా గుల్లల నలుసూ పరిచి, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు ఒకటి తగిలించాను. అలల దగ్గర నాచు పట్టిన రాళ్ళు నాలుగు తెచ్చి పేర్చాను. ఎండ నేరుగా పడకుండా ఉత్తరపు కిటికీ దగ్గర పెట్టాను. ఆపైన నెల్లాళ్ళు ఒక్క జీవినీ వెయ్యలేదు. ముందు నీళ్ళు మురుగుతాయి, అద్దానికి గోధుమరంగు జిగురు పడుతుంది, తర్వాత దానంతటదే తేరుకుంటుంది. అందాకా ఓపిక పట్టాలి. కరస్పాండెంటు రోజూ కిటికీలోంచి తొంగి చూసి, "ఉప్పునీళ్ళు ఏపుగా పెరుగుతున్నాయా మాస్టారూ" అని అడిగి మరీ పోయేవాడు.

నెల తర్వాత నాలుగు నత్తలూ, ఆరు సన్యాసి పీతలూ, రాతిని కరుచుకుని పువ్వులా విచ్చుకునే సముద్రపుష్పమనే జీవి ఒకటీ, గాజు ముక్కల్లాంటి బుల్లి రొయ్యలు రెండూ తెచ్చాను. మా భూమిని తిన్న జాతే అయినా ఆ రొయ్యల మీద నాకు కోపం రాలేదు. వారానికి రెండుసార్లు చిటికెడు ఎండురొయ్యల పొడి వేస్తే చాలు. ఖాళీ శంఖంలో కాపురముండే సన్యాసి పీత, ఒళ్ళు పెరిగి అది ఇరుకైనప్పుడు, ఇంకో శంఖాన్ని కాళ్ళతో తడిమి, లోపల కొలత చూసుకుని, రెప్పపాటులో ఇందులోంచి అందులోకి మారిపోతుంది. అది చూడటానికి కామర్సు విద్యార్థులు కూడా వచ్చేవారు. ఒకనాడు భోజనాల దగ్గర ఆ మాట చెబితే నాన్నగారు తలెత్తారు. కాకినాడ వచ్చాక ఆయన నన్నొక ప్రశ్న అడగడం అదే మొదలు.

"వాటికి నీళ్ళెక్కడివిరా?"

తొట్టెలో నీరు ఆవిరై తగ్గుతుంది గానీ ఉప్పు తగ్గదు, అందుకని అద్దం మీద గీసిన గీత దాకా రెండు మూడు రోజులకోసారి మంచినీళ్ళు పోయాలి, కుళాయి నీళ్ళకు బ్లీచింగు వాసన కాబట్టి ఒక పూట బకెట్టులో నిలవుంచుతాను అని చెప్పాను.

"ప్లాస్టిక్ బకెట్టులోనా? ప్రాణమున్న వాటికి ఆ నీళ్ళు పోస్తావా? మన మరచెంబుందిగా."

అది రాగి మరచెంబు. మరమూత బిగిస్తే చుక్క కారదు. తాతగారు కోర్టు పని మీద రాజమండ్రి వెళ్ళినప్పుడు పరాయి ఊరి నీళ్ళు ముట్టకుండా అందులోవే తాగేవారు. పీతల మాట చెప్పిన నాటి నుంచి నాన్నగారు రోజూ సాయంత్రం దాన్ని చింతపండుతో తోమి, తళతళలాడించి, నీళ్ళు పోసి ఉంచేవారు. పొద్దున్నే నేను సైకిలుకి తగిలించుకుని కాలేజీకి తీసుకెళ్ళి, నీరు గీత దిగిన రోజున అవే పోసేవాణ్ణి. ఒకరోజు అటెండరు ప్లాస్టిక్ మగ్గుతో గీత దాకా నీళ్ళు పోయబోతే, నా తొట్టె ముట్టుకోవద్దని కసిరాను. మా ఇంటి నీళ్ళు తప్ప మరొకటి అందులో పడటానికి వీల్లేదనుకున్నాను.

కమిటీ వారం రోజుల్లో వస్తుందనగా, అద్దాన్ని పట్టుకుని ఉండే నత్త ఒకటి ఇసుకలో పడి మళ్ళీ లేవలేదు. మర్నాడు ఒక సన్యాసి పీత శంఖం వదిలేసి, ఒంటి మీద ఏమీ లేకుండా ముడుచుకుని చచ్చిపడుంది. సముద్రపుష్పం పిసికి పారేసిన చింతపండులా అయిపోయింది. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అటెండరును పిలిచి, ఫినాయిలు చెయ్యి తొట్టెలో పెట్టావా అని అందరి ముందూ నిలదీశాను.

"నేను ముట్టుకోలేదండి బాబుగారండి. మీరు కేకలేసిన కాడి నుంచి ఆ గదిలో ఊపిరి కూడా గట్టిగా పీల్చట్లేదండి."

నమ్మలేదు. కరస్పాండెంటుకు కాగితం రాసి ఇచ్చాను. అతన్ని గేటు దగ్గర ఎండలో కూర్చోబెట్టారు. నాలుగో రోజుకి తొట్టెలో కదిలేది ఒక్కటీ లేదు. అప్పుడు కెమిస్ట్రీ మేడం వచ్చి, తొట్టె చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల మీది మరచెంబు చూసి, మెల్లిగా అడిగింది.

"ఇందులోనా అండి నీళ్ళు తెస్తున్నారు?"

అవునన్నాను. ఆమె ఆ నీళ్ళు గిన్నెలో మరిగించి, చిక్కబరిచి, అమ్మోనియా చుక్కలు వేసింది. లేత నీలం తేలింది. రాగి ఉంటేనే ఆ రంగు వస్తుంది. చెరువుల్లో నత్తలను చంపడానికి మైలుతుత్తం చల్లుతారని, అది రాగి నుంచి వచ్చేదని, రవ్వంత రాగి చాలు ఈ జాతులన్నీ పోవడానికని, అదే గదిలో అదే బోర్డు మీద ఏటేటా పాఠం చెప్పింది నేనే. ఎవడో దారినపోయేవాడు ఆ పని చేస్తే తిట్టి ఊరుకునేవాణ్ణి. ఎమ్మెస్సీ చదివి, నెలన్నరపాటు, రెండు మూడు రోజులకోసారి, మా తాతగారి చెంబు కదా అని మురిసిపోతూ పోశాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కరస్పాండెంటు గదికి వెళ్ళి, తప్పు నాదని, అటెండరును వెనక్కి పిలవమని చెప్పాను. క్షమించమని మాత్రం అనలేదు. ఆయన అంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంట్లో రాగి ఉండబట్టి వచ్చింది కదండీ మీకీ తంటా. మాకైతే సత్తు చెంబేను."

కమిటీ వచ్చి ఖాళీ తొట్టె చూసి పోయింది. కోర్సు రాలేదు. నా పోస్టు పర్మనెంటు కాలేదు. మరో పదకొండేళ్ళు అదే టెంపరరీ సంతకం పెట్టాను. అటెండరు తిరిగి లోపలికి వచ్చాడు గానీ, ఆ తర్వాత నా గదిలో అడుగు పెట్టాలంటే గుమ్మం అవతల నిలబడి అనుమతి అడిగేవాడు. అడగొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాన్నగారికి చెప్పలేదు. సాయంత్రమయ్యేసరికి ఆయన చింతపండు తీసుకుని పెరట్లో కూర్చునేవారు. "ఏరా, మన పీతలెలా ఉన్నాయి?" అనేవారు. బాగున్నాయండి అనేవాణ్ణి. ఒకటి కొత్త శంఖంలోకి మారిందని ఒకసారి, సముద్రపుష్పం పక్కన పిల్ల వేసిందని ఇంకోసారి చెప్పాను. ఆయన వాటా పక్కవాళ్ళకు ఆ కబుర్లు చెప్పి, మళ్ళీ పేపరు చదవడం మొదలుపెట్టారు. పొద్దున్నే నేను ఆ నీళ్ళు మోసుకెళ్ళి, సైకిలు స్టాండు వెనక కానుగ చెట్టు మొదట్లో పారబోసేవాణ్ణి. ఆయన పోయేదాకా, రెండేళ్ళు, అబద్ధం చెప్పని రోజు లేదు. మా వంశంలో అబద్ధం ఆడినవాళ్ళు లేరని చెప్పుకునేవాళ్ళం.

ఇప్పుడు సముద్రం దాకా వెళ్ళనక్కర్లేదు. ఉప్పు ప్యాకెట్లో, రాళ్ళు పెట్టెలో, జీవాలు కొరియర్లో ఇంటికే వస్తున్నాయి. ఏది పోస్తే ఏది చస్తుందో చెప్పే కాగితం కూడా పెట్టెలోనే ఉంటుందట. అందరి చేతుల్లోనూ రాగి సీసాలు, ఆరోగ్యమని చెప్పి. చచ్చినదాన్ని చూసి నాలుగు రోజులు అన్నం సహించకపోవడం అనేది లేదు. మనిషి వస్తాడు, కొత్తది వేసి పోతాడు. ఆ తొట్టె పక్కన నిలబడి నన్ను చేపలవాణ్ణి చేసిన పిల్లవాడికి ఇదంతా ఎక్కడ నుంచి మొదలుపెట్టి చెప్పను?

నాన్నగారు పోయిన నెలకు రాగి సామానంతా పాత సామాన్ల కొట్లో తూకానికి అమ్మేశాను. మరచెంబును అన్నిటికంటే ముందు తక్కెడలో వేశాను.