వెర్నా కౌంటరు

మా నెబ్రాస్కా కౌంటీ కోర్టులో పేరు మార్చుకోవాలని వచ్చినవాళ్ళంతా ముందు గుమాస్తా వెర్నా కౌంటరు దగ్గర ఆగాలి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ప్రతి కాగితాన్నీ వేలు పెట్టి చదువుతుంది. తప్పుంటే పెన్సిలుతో చుక్క పెడుతుంది, మాట అనదు.

ఆ గురువారం ట్రాక్టర్ల మెకానిక్కు డేల్ ప్రూయిట్, తనను ఆరో ఏట నుంచి పెంచిన మారుతండ్రి ఎమిల్ వాండ్రాను చక్రాల కుర్చీలో తోసుకొచ్చాడు. నలభై ఏడేళ్ళ వయసులో ఆయన ఇంటిపేరు పెట్టుకోబోతున్నాడు. పేరు మార్పు గురించి చట్టప్రకారం పేపర్లో వేయించిన ప్రకటనను కత్తిరించి, లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. "ముచ్చటగా ఉంది బాబూ. కానీ జడ్జిగారికి కావలసింది, ప్రకటన వేశామని పేపరువాళ్ళు ప్రమాణం చేసిచ్చే కాగితం," అంది వెర్నా. "అది లేకపోతే?" "వాయిదా. వచ్చే నెల." "అప్పటికి నేనుంటానో లేదో డాక్టర్నడగాలి," అని ఎమిల్ నవ్వాడు. డేల్ నవ్వలేదు. వెర్నా తన భోజనం డబ్బా మూసి, కోటు తొడుక్కుని, మంచులో వీధి దాటి పేపరాఫీసుకు వెళ్ళింది. ఇరవై నిమిషాల్లో ఆ కాగితంతో తిరిగొచ్చింది. లోపల జడ్జి, "ఎవరికైనా అభ్యంతరమా?" అనగానే ఎమిల్ చెయ్యెత్తాడు. "నలభై ఏళ్ళు ఆలస్యం చేశాడండీ." జడ్జి నవ్వి సంతకం పెట్టాడు. వెర్నా ఉత్తర్వు నకళ్ళ మీద ఉబ్బెత్తు ముద్ర నొక్కి, వేలితో తడిమి చూసి, "మిస్టర్ వాండ్రా," అని పిలిచింది. "వస్తున్నాం తల్లీ," అని పెద్దాయనే ముందు పలికాడు. డేల్ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. వెనక వరసలో నలుగురున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.