మేడం నాడి నాకొక్కదానికే తెలుసనుకున్నాను

మేడం గారు పోయారన్న కబురు నాకు కొయ్యూరు అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నర్సీపట్నంలో మేం నర్సింగ్ చదివే రోజుల్లో వార్డులో చెయ్యి పట్టుకుని పని నేర్పిన మనిషి ఆవిడ. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరారు, కోలుకుంటారనే అనుకున్నాం. నాకు కన్నీళ్ళకంటే ముందు కుళ్ళొచ్చింది. ఈ పిల్లకి నాకంటే ముందు ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు? ఆ తర్వాతే ఏడ్చాను. బాగానే ఏడ్చాను.

కొయ్యూరు అమ్మాయిదీ నాదీ ఒకటే క్లాసు. నేను నాతవరం నుంచి షేర్ ఆటోలో నలిగిపోయి వార్డుకి చేరేసరికి, హాస్టల్లో ఉండే తను అప్పటికే మేడం స్టెతస్కోపు పట్టుకుని ఆవిడ పక్కన నిలబడి ఉండేది. అది చూడగానే నాకు ఒళ్ళు మండేది.

రోగి ఒంటికి ఆనించే ముందు స్టెతస్కోపు బిళ్ళని గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టడం మేడం గారి అలవాటు. ఆ కాసేపూ ఊడ్పుల సంగతో, మనవల సంగతో అడిగేవారు. కొత్త మనిషి ముట్టుకుంటే గుండె బెదురుతుందని, ఆ బెదురుని మనం జబ్బు కింద రాసేస్తామని అనేవారు.

మొదటిసారి నాడి చూడమని మా ఇద్దరికీ పక్కపక్క మంచాలిచ్చారు. తనకంటే ముందు చెప్పెయ్యాలని నేను ఒక మామ్మగారి మణికట్టు గబుక్కున పట్టేసుకుని, లెక్కపెట్టి, గర్వంగా అంకె చెప్పాను. మేడం నా చేతి కేసి చూశారు.

"బొటనేలు పెట్టావు కదమ్మా. దానికి సొంత నాడి ఉంటాది. నువ్వు సెప్పింది నీ గుండె లెక్క. మామ్మగారిది ఎవరు సూస్తారు?"

వార్డంతా నవ్వింది. కొయ్యూరు అమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది, జాలి పడింది. సూపు వాచీ మీదుండాల, పక్క మంచం మీద కాదు అన్నారు మేడం నాకు మాత్రమే వినిపించేలా. నా రోగమేమిటో ఆవిడకి తెలుసన్నమాట.

ఆ మధ్యాహ్నం నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి తన చెయ్యి నాకిచ్చారు. గట్టిగా నొక్కితే పారిపోద్ది, వదిలేస్తే దొరకదు అంటూ నా మూడు వేళ్ళనీ తానే సర్దారు. నాడి దొరికింది. సాఫీగా పోతూ పోతూ మధ్యలో ఒక దెబ్బ రాలేదు. తర్వాతది కాస్త గట్టిగా కొట్టింది. నాకు భయమేసి, ఒకటి తప్పిందండీ అన్నాను.

"కనిపెట్టేసావు. డాక్టరుగారు సూసేరు, భయమేటీ లేదు. ఎవరికీ సెప్పకు."

అంతే, నేను మారాణినైపోయాను. ఆ తర్వాత మేడం తన బాక్సులో కూర కొయ్యూరు అమ్మాయికి వేసినా, అందరికీ చేసి చూపించమని దాన్నే పిలిచినా పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను. ఆవిడ గుండె గుట్టు నాదగ్గరుంది మరి. దానివల్లే ఈ రోజుకీ ఎవరి చెయ్యి పట్టుకున్నా నిమిషమంతా చూస్తాను. అరనిమిషానికే ఆపి లెక్కని రెట్టింపు చేసేస్తే, తప్పిన దెబ్బ మిగతా సగంలో ఉండిపోవచ్చు. ఈ మంచి అలవాటు ఆవిడ పెట్టిన భిక్ష.

కబురు తెలిసిన రోజు వాళ్ళింటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీల్లో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఏడుపు మధ్యలోనూ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. మేడం నాకొకటి చెప్పారు, నీకు తెలీదు అన్నాను.

"మధ్యలో ఒకటి తప్పేది, అదేనా? నాతోనూ ఎవరికీ సెప్పొద్దన్నారు," అంది తను, ముక్కు తుడుచుకుంటూ.

ఆవిడ దగ్గర నేర్చుకున్న ప్రతి పిల్లకీ అదే మాట చెప్పారట. ముందే తెలిసిపోతే వేళ్ళు వెతకవని. పోయిన మనిషి మీద అంత కోపం రావచ్చా అంటే, వచ్చింది. ఇన్నేళ్ళూ నాదనుకున్నది అందరిదీ.

మంచినీళ్ళు తెచ్చిన మేడం గారి అమ్మాయి మా మాటలు విని అక్కడే ఆగిపోయింది. బ్యాంకులో ఉద్యోగం, నా ఈడుదే.

"మా అమ్మ గుండె అలాగ కొట్టుకునేదాండీ?" అంది. "జ్వరమొస్తే నా చెయ్యి సూసేది. తన చెయ్యి నాకెప్పుడూ ఇవ్వలేదు. మీకందరికీ ఇచ్చింది."

ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ కొయ్యూరు అమ్మాయిని నేను చూసిన చూపే అది. నన్నెవరైనా అలా చూస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ నాడి ఎలా ఉండేదో చెప్పమని ఆ అమ్మాయి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. మాటల్లో నాకు చేతకాలేదు. ఆమె అరచెయ్యి తెరిచి వేలితో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాను. తప్పిన కాడ ఇంకాస్త ఆగాల అంటూ కొయ్యూరు అమ్మాయి ఆమె రెండో చెయ్యి అందుకుని తనూ కొట్టసాగింది. మొదటిసారి తనతో పోటీ పడకుండా నా వేలి దెబ్బని తన వేలి దెబ్బతో కలిపాను. మేడం గారి అమ్మాయి కళ్ళు మూసుకుంది. దెబ్బ తప్పిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేది, తర్వాతది అరచేతిలో పడేదాకా.