పారాణి తోకలు

ఒక పెళ్ళి ఊరేగింపును, ఒక బ్యాండును, మూడు వీధుల జనాన్ని ఒకే మధ్యాహ్నంలో గరిటెడు పసుపుతో ముంచినవాడిని నేను. యాంగోన్‌లోని మా పజుండౌంగ్ పేటలో ఈ కథను నాకంటే రుచిగా చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. వారిలో ఒక్కరు కూడా ఆ రోజు కాగితం మీద అక్షరం పెట్టలేదు. నేను పెట్టాను. కనుక నా మాటనే ప్రమాణంగా తీసుకోవాలని మనవి. ఆ నోటుపుస్తకం చూపించమంటారేమో. చూపించగలను గాని, చదవలేరు. కారణం చివర చెబుతాను.

మా తెలుగు చర్చికి ఒక బ్యాగుపైపుల, అంటే గాలిసంచి సన్నాయిల, బ్యాండు ఉండేది. తెల్లదొరల పటాలం వెళ్ళిపోతూ వదిలేసిన రెండు బ్యాగుపైపులు, మూడు డోళ్ళు, ఒక జత తాళాలు, ఏడు గళ్ళ కిల్టులు మా తాతల నాటినుంచి చర్చి బీరువాలో ఉన్నాయి. కిల్టు అంటే తెలియనివారికి: మోకాలి దగ్గరే ఆగిపోయిన లుంగీ. మగవాళ్ళందరూ చీలమండల దాకా లుంగీ కట్టే ఈ దేశంలో దాన్ని చూసి ఎవరూ నివ్వెరపోలేదు. మిగతా సగం గుడ్డ ఏమైందని మాత్రం అడిగేవారు. కిల్టు కింద తెల్ల ఉన్ని మేజోళ్ళు. అవి జారకుండా పిక్క మీద ఒక రబ్బరు పట్టీ. మేజోడు అంచును పట్టీ మీదికి మడిస్తే, ఆ మడత కిందనుంచి వేలెడు పొడవున ఒక ఎర్ర గుడ్డముక్క వేలాడాలి. దొరలు వాటినేమనేవారో గాని, మేము తోకలు అనేవాళ్ళం.

ఎనభై ఎనిమిది వానాకాలంలో బీరువా తెరిచి చూస్తే, తోకలను బొద్దింకలు ఆరగించి ఉన్నాయి.

కొత్తవి కొనవచ్చు కదా అని నేటి పాఠకుడు తేలిగ్గా అనేస్తాడు. అయ్యా, దేశం బయటి సరుకుకు తలుపులు మూసుకుని అప్పటికి ఇరవై ఆరేళ్ళు. పబేడాన్ బజారు మొత్తం కాలినడకన గాలించాను. ఎలాస్టిక్ లేదు, ఎర్ర రిబ్బను లేదు. ప్రభుత్వ దుకాణం ముందు పొద్దుటినుంచి వరుసలో నిలబడితే నాకొక దువ్వెన ఇచ్చారు. ఆ దువ్వెన గురించి ఫిర్యాదు వ్రాసి పంపాను. జవాబు నేటికీ రాలేదు.

మా బ్యాండు నాయకుడు సాలెమాను మాస్టారు. అందులో మూడో డోలు నాది. ఆయన కూతురు రూతు నర్సు. రూతును చేసుకోవాలన్నది నా ఏకైక కోరిక. ఆ సంగతి ఆయనకు తెలుసునని నాకు తెలుసు.

“మా తాత ఈ తోకల్తోనే దొరల ముందర నడిసినాడు. తోకల్లేకుండా నాను గుమ్మం దిగను,” అన్నారాయన. “పాస్టరుగారి తమ్ముడి పెళ్లికి ఏడుగురికీ తోకలు కుట్టి తెచ్చినావనుకో, దానం, రూతు సంగతి పెద్దల్తో మాటాడతాను.”

“తేకపోతే, మాస్టారూ?”

“తేకపోతే మాటాడ్డానికేటుంది. నీకు మతి సరిగా లేదని ఊరికి సెప్పడమే.”

నేను పద్ధతి గల మనిషిని. ముందుగా ఏడుగురి పిక్కలూ కొలిచి నోటుపుస్తకంలో ఎక్కించాను. మాస్టారి కుడి పిక్క ఎడమదానికన్నా అరంగుళం లావని అప్పటిదాకా ఆయనకే తెలియదు. పట్టీలకోసం ఒక సైక్కావాలా, అంటే మా ఊరి సైకిలు రిక్షా తొక్కేవాడు, పారేసిన పాత ట్యూబును ఉంగరాలుగా కోశాను. తోకలకోసం మా అమ్మ దిండు గలీబును బలిచ్చాను. మిగిలింది రంగు. ఎర్ర రంగు ఊళ్ళో ఎక్కడా లేదు. అప్పుడు నా బుర్రలో మెరిసింది: పసుపులో సున్నం కలిపితే పారాణి. పెళ్ళికూతురి పాదాలకు పనికొచ్చే ఎరుపు బ్యాండువాళ్ళ పిక్కలకు పనికిరాదా?

పసుపు మా వంటింట్లో ఉంది. సున్నంకోసం వీధి చివర కిళ్ళీలు కట్టే బర్మా పెద్దావిడ డా మ్యా దగ్గరికి వెళ్ళాను. మా వీధిలో ముప్పై ఏళ్ళుండి ఆవిడ మా తెలుగే మాట్లాడేది, పేరుకు ముందు బర్మా మర్యాదగా ‘కో’ తగిలించి.

“ఇంత సున్నం ఏటికి, కో దానం? గోడకి ఏస్తావా?”

“తోకలకు, డా మ్యా.”

ఆవిడ నా వెనక్కి వంగి చూసింది. “ఎన్నున్నాయి?”

“పద్నాలుగు.”

ఆవిడ రోగికి ఇచ్చినట్టు ఒక కిళ్ళీ ఊరికే చేతిలో పెట్టింది.

ఇంట్లో అమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. “ఒరే దానం, పెళ్ళికూతురి కాళ్ళకెట్టేది డోలోడి కాళ్ళకేటిరా? వానొస్తేనో?”

“అన్ని పరీక్షలూ చేశానమ్మా.”

అబద్ధం కాదు. తోకలను లాగి చూశాను, దులిపి చూశాను, ఇస్త్రీ చేశాను, రెండు రోజులు ఎండలో పెట్టాను, కట్టుకుని మేడమెట్లు ఎక్కి దిగాను. ప్రతి పరీక్షకూ ఎదురుగా ‘తృప్తికరం’ అని వ్రాశాను. యాంగోన్‌లో, ఆగస్టు నెలలో, నీటి పరీక్ష ఒక్కటి చేయాలని మాత్రం నా పద్ధతికి తోచలేదు.

ఆ రోజుల్లో సైనిక ప్రభుత్వం దిగిపోవాలని నగరమంతా వీధుల్లో ఉంది. గుమాస్తాలు, రేవు కూలీలు, నర్సులు, ఎవరి సంఘంగా వారు, నుదుట ఎర్ర గుడ్డలు కట్టుకుని నడుస్తున్నారు. నెల మొదట్లో తుపాకులు పేలాయి. టపాకాయ శబ్దానికి కూడా జనం నేలమీద పడుకుంటున్నారు. పెళ్ళి ఊరేగింపు వద్దని కొందరు పెద్దలన్నారు. చర్చినుంచి పెళ్ళికూతురి ఇంటికి మూడు వీధులే కదా అని మాస్టారు పట్టుబట్టారు.

మొదటి వీధిలోనే జనం మా చుట్టూ మూగారు. ఇది ఏ సంఘమని ఒకతను అడిగాడు. పక్కనున్నాయన బాగా తెలిసినట్టు చెప్పాడు: దేశంలో గుడ్డ కరువైందని లుంగీలు సగానికి కోసుకుని నిరసన తెలుపుతున్నారట. చప్పట్లు మోగాయి. రెండో వీధికి చేరేసరికి మా వెనక రెండు వందలమంది నడుస్తున్నారు. పెళ్ళికొడుకు తన పెళ్ళికి ఇంత ఆదరణ ఉందని ఎరగక అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. మాస్టారి ఛాతీ డోలుకన్నా ముందుకు వచ్చింది.

మూడో వీధి మలుపులో వాన కురిసింది. యాంగోన్ వాన చినుకులతో మొదలవదు. ఎవరో పైనుంచి పీపాతో కుమ్మరించినట్టే వస్తుంది.

తెల్ల మేజోళ్ళ మీద పద్నాలుగు ఎర్రని ధారలు దిగాయి. ముందు నడుస్తున్న మాస్టారు కిందికి చూడలేదు. మేడమీదనుంచి ఒకామె చూసింది. కాళ్ళకు తూటాలు తగిలాయని ఆమె పెట్టిన కేకకు రెండు వందలమందీ చెదిరిపోయారు. తాళాల అప్పన్న తన కాళ్ళు చూసుకుని, తాళాలతో సహా కుప్పకూలాడు. ఆ మోత తుపాకీని మించింది. ఊదేవాళ్ళు ఊదడం మానగానే రెండు బ్యాగుపైపులూ ప్రాణం పోతున్నట్టు దీర్ఘంగా మూలిగాయి. ఇక జనానికి సందేహమేమీ మిగల్లేదు.

దయగలవారు తిరిగివచ్చి మమ్మల్ని ఎత్తారు. నాకు నొప్పి లేదని ఎంత చెప్పినా, నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని నన్ను మోస్తున్నతను నన్నే ఓదార్చాడు. ఏడుగురినీ సైక్కాల్లో కుక్కి, పక్క బౌద్ధమఠంలో నర్సులు నడుపుతున్న చికిత్సాశాలకు తరలించారు. నడివీధిలో గొడుగుతో పెళ్ళికొడుకు ఒక్కడే మిగిలాడు.

అక్కడ ఆ పూట పనిమీద ఉన్నది రూతు. తండ్రి మేజోడు చూసి ఆమె ముఖం పాలిపోయింది. దాన్ని కిందికి లాగింది. పిక్క తిప్పి చూసింది. వేలితో ఆ ఎరుపును తీసి వాసన చూసింది.

“నాన్నా, లెగు. ఇది పారాణి.”

“పారాణేటి? నాకు తూటా దిగింది.”

“తూటా దిగితే పసుపు వాసనేటొస్తాది?”

మాస్టారు మెల్లగా నావైపు తిరిగారు. “దానం.”

“మాస్టారూ.”

“నా పిక్కలు రెండూ కొలిసినావు కదా. ఈ గుడ్డని నీళ్ళల్లో ముంచినావా?”

“ఆ ఒక్కటే…”

రూతు గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను.

మాస్టారి భార్య మేజోళ్ళను సబ్బుతో ఉతికింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలుగిళ్ళలో అందరికీ తెలుసు. అవి ఇంకా ఎర్రబడ్డాయి. ఆ రాత్రి నేను దువ్వెన మీద మరొక ఫిర్యాదు వ్రాశాను. అది తప్ప నాకు వేరే దిక్కు తోచలేదు.

ఆదివారం చర్చిలో పెద్దలు రూతు మాట ఎత్తితే, మాస్టారు అందరూ వినేలా అన్నారట: “రంగు నిలవని తోకలు తెచ్చినోడికి పిల్లనెలా ఇస్తాను? ముందు ఆణ్ణి వానలో నిలబెట్టి సూడాల.”

ఆయన ఎగతాళికి అన్నారు. నేను పద్ధతి గల మనిషిని. తెల్లచొక్కా, తెల్లలుంగీ వేసుకుని, నా పరీక్షల నోటుపుస్తకాన్ని సాక్ష్యంగా జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రం కుండపోతలో వారి గుమ్మం ముందు గంటసేపు నిలబడ్డాను. వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చింది. డా మ్యా నాకోసం ఇంకో కిళ్ళీ కట్టింది.

చివరకు మేడమీదనుంచి రూతు గొంతు వినిపించింది. “నాన్నా, ఈయనకీ రంగు దిగుతోంది. నీలం.”

కిందికి చూసుకున్నాను. జేబులోని నోటుపుస్తకం తడిసి, సిరా అంతా కరిగి, చొక్కా మీదుగా లుంగీ అంచు దాకా నీలంగా కారుతోంది. కొలతలు, పరీక్షలు, ‘తృప్తికరం’ అన్న మాటలతో సహా.

మాస్టారు గొడుగుతో వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

“లోపలికి రా. ఇంకెన్ని రంగులున్నాయో మా రూతే ఉతికి సూసుకుంటాది.”

అప్పటినుంచి ఆమె ఉతుకుతూనే ఉంది.

కనుక పాఠకుల ఎదుట ప్రమాణపూర్వకంగా ప్రకటిస్తున్నాను: ఈ జన్మలో మరే మనిషి కాలికీ ఏ అలంకారమూ ఇంట్లో తయారుచేయను. వంటింటి డబ్బాల జోలికి వెళ్ళను. సిరాతో ఒక్క అక్షరమూ వ్రాయను. ఈ పుటలు కూడా పెన్సిలుతోనే వ్రాశాను. బయట వాన పడుతోంది.