కారణం చెప్పమనే మా తమ్ముడు

దీపం ఒత్తి సరిచేస్తుండగా ఫోను వచ్చింది. మా పెద్ద తమ్ముడు పోయాడు. సలాలా ఆసుపత్రిలో, నిద్రలోనే. నేను దీపం ఆరనివ్వకుండా అక్కడే కూర్చున్నాను.

వాడు పశువుల డాక్టరు. పాతికేళ్లు ఇక్కడ ఒమాన్‌లో, సలాలా తోటల్లో, కొండ మీది మందల్లో పనిచేశాడు. మన తెలుగు పిల్లలకి మాత్రం మేకల అంకుల్. మీలో చాలామంది పిల్లలు వాడు ఏటా పెట్టే మేకల పోటీకి వచ్చినవాళ్లే.

మొదటి ఏడు వచ్చింది అయిదుగురు, అందులో ఇద్దరు మా ఇంటివాళ్లే. నాలుగు మేకల్ని పక్కపక్కన కట్టి, మంచిదాని నుంచి మొదలుపెట్టి వరస రాయమన్నాడు. తరవాత ఎందుకో నోటితో చెప్పాలి. పోనుపోను ఒమానీ పిల్లలూ వచ్చారు. మేత, జబ్బులు, పళ్లు చూసి వయసు చెప్పడం, వీటిమీద ప్రశ్నలూ చేరాయి. అందరం అర్బాబ్ అని పిలిచే కొబ్బరితోట యజమాని చోటూ మేకలూ ఇచ్చేవారు.

"వరసకి సగం మార్కులే అక్కా, మిగతా సగం కారణానికి" అనేవాడు. కూర బాగుందా అని అడిగినా ఎందుకు బాగుందో చెప్పి మరీ తినేవాడు.

ఒక ఏడు వానజల్లుకి నేలంతా బురద. ఎప్పుడూ మేకల్ని నడిపించి చూసేవాడు, జారతాయని ఆరోజు నిలబెట్టే తన కార్డు మీద సరైన వరస రాసేశాడు. అర్బాబ్ ముచ్చటపడి పెంచుకున్న తెల్లమేక అందులో మొదటిది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె దాన్ని చివర పెట్టింది. పిల్లలు నవ్వారు.

"అంకుల్, దాన్నోసారి నడిపించండి. కుడి వెనక కాలు మోపట్లేదు."

నడిపిస్తే కుంటింది. అర్బాబ్ మొహం మారిపోయింది. ఆయన గేటు మూస్తే పోటీ అంతటితో సరి. ఊరుకోమని తమ్ముడికి కళ్లతోనే సైగ చేశాను. వాడు నావైపు చూడనేలేదు. తన కార్డు మీద తెల్లమేకని చివరికి మార్చాడు.

"నడిపించకుండా రాశాను. తప్పు నాది. ఈ అమ్మాయి సరిగ్గా చూసింది."

అదే మాట అర్బాబ్‌కి అరబ్బీలో చెప్పాడు. నేను చేసిన ఆ సైగకి ఇప్పటికీ దేవుడి ముందు సిగ్గుపడతాను.

 పెద్దాయన తన తెల్లటి అంగీ అంచు పైకెత్తి, బురదలోకి దిగి, మేక కొమ్ములు తానే పట్టుకున్నారు. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని ఆ వెనక కాలి గిట్టని అరచేతిలోకి తీసుకున్నాడు. ఆ పిల్ల వంగి, గిట్ట సందులో ఇరుక్కున్న ముల్లుని వేలితో చూపించింది. సన్నటి జల్లు కింద మూడు తలలూ ఆ చిన్న గిట్ట మీదికి వంగి ఉన్నాయి.