అక్క వేలి మీద గొర్రె జన్యువు

అక్కవి జీవాలు, నాది జీవశాస్త్రం. ఆమె త్రిపురారం పక్క ఊళ్లో గొర్రెలను మేపుతుంది. నేను మిర్యాలగూడ కాలేజీలో పిల్లల బుర్రలు మేస్తాను.

తల్లి చనిపోయిన గొర్రెపిల్లకు మా ఇళ్లలో వేలు పాలలో ముంచి నోట్లో పెడతారు, చప్పరించడం నేర్పడానికి. ఈసారి అక్క వేలు పెట్టిన పిల్ల మూతికి పుండ్లున్నాయి. కొద్దిరోజులకు అక్క వేలి మీద ఎర్రటి బొడిపె లేచింది. తగిలితే చాలు, నెత్తురు. సరిగ్గా అప్పుడే పుట్టింటికి పురుడుకొచ్చిన అక్క కూతురికి ఆడపిల్ల పుట్టింది. పసిదానికి నీళ్లు పోయడం అమ్మమ్మ హక్కు.

సూర్యాపేటలో చర్మం డాక్టరు చూసి, "గొర్రెల నుంచి అంటింది. కోసేదేం లేదు, కొన్ని వారాలకు అదే పోతది. అప్పటిదాక పసిపిల్లను ముట్టొద్దు" అన్నాడు.

తిరుగు బస్సులో అక్క ఆ వేలినే చూసుకుంటూ కూర్చుంది. ఓదార్చడానికి నాకు చేతనైంది పాఠం ఒక్కటే. ఈ వైరస్ మశూచి వైరస్‌కు చుట్టం. దాని డీఎన్ఏ పొడవాటి తాడు లాంటిది. నడిమి జన్యువులు చుట్టాలందరిలో ఉన్నవే. కొసలకు పోయేకొద్దీ ఎవరి ఎత్తులు వాళ్లవి. అక్కడే ఒక దొంగసొమ్ము ఉంది: ఎప్పుడో గొర్రె జాతి నుంచి ఎత్తుకున్న జన్యువు. 'శత్రువెవరూ లేరు, చల్లబడు' అని ఒంటికి చెప్పే ప్రోటీన్ దాంతో తయారవుతుంది.

"గొర్రె దగ్గర నేర్సుకొని మన ఒంటిని జోకొడతదన్నట్టు."

"గంతే అక్కా."

"మంచిగనే సదివినవ్ తమ్మీ. మరి నా మనవరాలికి నీళ్లెవరు పోస్తరు, నీ ప్రోటీనా?"

కోదాడ నుంచి అక్క వియ్యపురాలు వచ్చింది. పుట్టింటి పురుడులో అత్తగారు నీళ్లు పోయడం మా వైపు లేదు. అయినా ఆమె పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకుంది. వేలికి గుడ్డ చుట్టుకుని అక్క గుమ్మంలో నిలబడింది.

"మెడ కింద చెయ్యి పెట్టు వదినె! గట్ల కాదు!"

"ఇద్దర్ని పెంచానండీ వదినగారూ."

"పెంచినవ్ లే. జర తల సూడు."

"సరే, ఇవి మీ చేతులే అనుకోండి. ఎలాగో చెప్పండి."

అక్క చెప్పింది. రోజూ చెప్పింది. ఆ ఇంట్లో మంట చల్లార్చింది నా పాఠం కాదు, వియ్యపురాలి ఆ ఒక్క మాట.

బొడిపె ఎండి రాలిపోయి, కింద కొత్త చర్మం వచ్చింది. డాక్టరు సరేనన్న మర్నాడు వియ్యపురాలు సంచి సర్దుకుంది. అక్క పీట మీద కూర్చుని కాళ్లు చాచింది. పిల్లను తీసుకోబోతూ ఆగింది.

"వదినె, మాపటి బస్సుకు పోదువు గానీ. జర గాడ నిలబడు."

వియ్యపురాలు గుమ్మంలోకి వెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మెడ కింద చెయ్యి పెట్టండి వదినగారూ! అలా కాదు!"